వెల్తురు చెట్టు: ముళ్ళు, పూలు, కాయల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పూత లేని రోజుల్లో వెల్తురు చెట్టును ఏదో తుమ్మ పొద అనుకుని చాలామంది పక్కకు తప్పుకుంటారు. పూత వచ్చాక మాత్రం దాన్ని మరో మొక్కగా పొరబడటం కష్టం. సగం గులాబీ, సగం పసుపు రంగులో వేలాడే అలాంటి పూల కంకి మన కంటబడే ఇతర ముళ్ళ పొదల్లో దేనికీ లేదు. ఈ మొక్క నిర్మాణం గురించి, గుర్తించే పద్ధతుల గురించి, వ్యాప్తి గురించి పాఠకులు తరచుగా అడిగే ప్రశ్నలకు సమాధానాలు ఇక్కడ ఇస్తున్నాం.

వెల్తురు చెట్టు శాస్త్రీయ నామం ఏమిటి? ఇది ఏ కుటుంబానికి చెందింది?

దీని శాస్త్రీయ నామం డైక్రోస్టాకిస్ సినెరియా. చిక్కుడు, కంది, తుమ్మ, చింత మొదలైనవన్నీ చేరిన ఫాబేసీ కుటుంబంలో ఇదీ ఒకటి. వృక్షశాస్త్రజ్ఞుడు కార్ల్ లిన్నేయస్ 1753లో దీన్ని అత్తిపత్తి ఉన్న మైమోసా ప్రజాతిలో చేర్చి వర్ణించాడు. రాబర్ట్ వైట్, జార్జ్ వాకర్ ఆర్నాట్ 1834లో ఇప్పుడున్న పేరు కింద దీనికి వేరే స్థానం కల్పించారు. పాత పుస్తకాల్లో ఇది మైమోసాయిడీ అనే ఉపకుటుంబంలో కనిపిస్తుంది. 2017లో చిక్కుడు కుటుంబపు వర్గీకరణను సవరించినప్పుడు ఆ ఉపకుటుంబం మొత్తాన్నీ సీసల్పినియాయిడీలో ఒక శాఖగా కలిపేశారు కనుక, కొత్త పుస్తకానికీ పాత పుస్తకానికీ మధ్య ఈ తేడా కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. మొక్క మారలేదు, దాన్ని ఉంచిన అర మాత్రమే మారింది.

ఇదే ప్రజాతికి చెందిన ఇతర జాతుల్లో ఎక్కువ భాగం మడగాస్కర్‌లో పెరుగుతాయి. అన్నింటికంటే విస్తారంగా వ్యాపించింది మాత్రం ఈ వెల్తురు చెట్టే. ఆకుల పరిమాణంలో, నూగులో, కాయ వెడల్పులో ఒక ప్రాంతానికీ మరో ప్రాంతానికీ చాలా తేడా ఉండటం వల్ల ఈ ఒక్క జాతిలోనే అనేక ఉపజాతులను, రకాలను శాస్త్రజ్ఞులు గుర్తించారు.

ఇది పొదా, చెట్టా?

చాలా చోట్ల పొదే. నేల నుంచే అనేక కాండాలు లేచి, కొమ్మలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయి, మనిషి దూరలేనంత చిక్కగా అల్లుకుంటాయి. సాధారణంగా రెండు నుంచి ఐదు మీటర్ల ఎత్తు పెరుగుతుంది. మంచి నేల దొరికి, నరికేవారూ మేపేవారూ లేకపోతే ఏడు మీటర్ల వరకూ ఎదిగి చిన్న చెట్టులా నిలబడుతుంది. లేత కొమ్మల మీద సన్నని నూగు ఉంటుంది. ముదిరిన కాండం బెరడు బూడిద, గోధుమ రంగులు కలిసి నిలువు పగుళ్ళతో గరుకుగా కనిపిస్తుంది. ఎండ కాలం తీవ్రంగా ఉండే ప్రాంతాల్లో ఆకులు పూర్తిగా గానీ కొంతవరకు గానీ రాలిపోతాయి.

ముల్లు నిజానికి కొమ్మే అంటారు. అదెలా?

ఈ మొక్కను అర్థం చేసుకోవడానికి అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే కనుక కాస్త వివరంగా చెప్పుకోవాలి. మామూలు మాటల్లో మనం ముల్లు అని పిలిచేవన్నీ మొక్కలో ఒకే భాగం నుంచి పుట్టవు. గులాబీ ముల్లు కాండం పైపొర నుంచి పుట్టిన పెరుగుదల. బొటనవేలితో పక్కకు నొక్కితే శుభ్రంగా ఊడి వస్తుంది, లోపల నీటినీ ఆహారాన్నీ మోసే నాళికలు ఉండవు. నల్ల తుమ్మ ముళ్ళు ఆకు మొదట్లో ఉండే పత్రపుచ్ఛాలు మారి ఏర్పడినవి, అందుకే ఆకు తొడిమకు చెరో పక్కన జంటగా కనిపిస్తాయి. వెల్తురు చెట్టు ముల్లు ఈ రెండు కోవలకూ చెందదు. ఆకు గ్రీవంలో, అంటే ఆకు కాడ కాండాన్ని కలిసే మూలలో, ఉన్న మొగ్గ ఒక చిన్న పక్క కొమ్మగా పెరగడం మొదలుపెట్టి, కొంత దూరం పోయాక పెరుగుదల ఆపి, కొనదేలి, గట్టిపడి ముల్లు అవుతుంది.

దీన్ని చూసి తెలుసుకోవడానికి పరికరాలేమీ అవసరం లేదు. బాగా పెరిగిన ఒక ముల్లును మొదలు నుంచి కొన వరకూ జాగ్రత్తగా గమనించండి. చాలా ముళ్ళ మీద, ముఖ్యంగా మొదటి సగంలో, చిన్న కణుపులాంటి బుడిపె ఉంటుంది. దాని నుంచి ఒక ఆకుగానీ ఆకుల గుంపుగానీ వచ్చి ఉంటుంది. కొన్ని ముళ్ళ మీద ఆకు రాలిపోయిన మచ్చ మాత్రమే మిగులుతుంది. కణుపు, దాని మీద ఆకు ఉండటం కొమ్మ లక్షణం. పైపొర నుంచి పుట్టిన ముల్లు మీద ఆకు మొలవడం ఎన్నటికీ జరగదు. ముల్లును విరిచి చూసినా నారగా చీలుతుందే తప్ప గులాబీ ముల్లులా ఊడిరాదు, ఎందుకంటే దాని లోపలి కర్ర కాండంలోని కర్రకు కొనసాగింపు.

ముళ్ళు ఒక్కొక్కటిగా, దాదాపు నిటారుగా ఉంటాయి. పొడవు ఎనిమిది సెంటీమీటర్ల వరకూ ఉండవచ్చు. లోపల కర్ర ఉండటం వల్ల అవి ఎంత గట్టివంటే, వాహనాల టైర్లలోకి సునాయాసంగా దిగిపోతాయి. ఇలాంటి పొదలున్న చోట నడిచేటప్పుడు పలుచని చెప్పులను నమ్ముకోకూడదు.

ఆకులు ఎలా ఉంటాయి? ఆకు కాడ మీద కనిపించే చిన్న గుండుసూది తలల్లాంటివి ఏమిటి?

ఆకు ద్విపిచ్ఛాకార సంయుక్త పత్రం. అంటే మధ్య కాడకు ఇరువైపులా ఉపకాడలు జతలు జతలుగా ఉండి, ఒక్కో ఉపకాడ మీద మళ్ళీ చిట్టి పత్రకాలు జతలుగా అమరి ఉంటాయి. ఉపకాడల జతలు సాధారణంగా ఐదు నుంచి పదిహేను వరకూ, పత్రకాలు ఒక్కో దాని మీద డజనుకు పైగా జతలూ ఉంటాయి. ఒక్కో పత్రకం పొడవు కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే. దూరం నుంచి చూస్తే ఆకు మొత్తం ఈకలా మెత్తగా కనిపిస్తుంది.

మీరు గమనించిన ఆ గుండుసూది తలలు గ్రంథులు. ఉపకాడల జతలు మధ్య కాడను కలిసే చోట, చిన్న కాడ మీద నిలబడిన గ్రంథి ఒకటి ఉంటుంది. ఇది పువ్వుతో సంబంధం లేకుండా తీయని ద్రవాన్ని స్రవించే రకం. చిక్కుడు కుటుంబంలోని ఈ శాఖలో ఇలాంటి గ్రంథులు చాలా మొక్కలకు ఉన్నా, అవి ఎక్కువగా కాడకు అంటుకుని గిన్నెలా ఉంటాయి. ఇక్కడ కాడ మీద లేచి నిలబడటం గుర్తింపుకు బాగా పనికివచ్చే లక్షణం. పూలు, కాయలు ఏమీ లేనప్పుడు ఆకు మొలిచిన ముల్లూ ఈ కాడ గల గ్రంథీ రెండూ కలిసి కనిపిస్తే గుర్తింపు దాదాపు ఖాయమే.

ఒకే కంకిలో రెండు రంగులు ఎందుకు ఉంటాయి?

అది ఒకే పువ్వు కాదు, రెండు రకాల పూలు దట్టంగా చేరిన కంకి. కంకి ఆకు గ్రీవం నుంచి సన్నని కాడతో వేలాడుతుంది. కాడ వైపు, అంటే వేలాడేటప్పుడు పైకి కనిపించే భాగంలో, గులాబీ లేదా లేత ఊదా రంగు పూలుంటాయి. కొన వైపు, అంటే కిందికి కనిపించే భాగంలో, పసుపు పూలుంటాయి. ఫొటోలు తీసినవారు కొందరు కంకిని తలకిందులుగా చూపించడం వల్ల ఈ విషయంలో గందరగోళం ఏర్పడుతుంది. కాడ ఎటు ఉందో చూసుకుంటే చాలు.

పసుపు పూలు ద్విలింగక పుష్పాలు, అంటే ఆడ, మగ భాగాలు రెండూ ఉన్నవి. ఒక్కోదానికి చిన్న గిన్నెలాంటి ఐదు దంతాల రక్షకపత్రావళి, ఐదు ఆకర్షణపత్రాలు, పది కేసరాలు, ఒక అండాశయం ఉంటాయి. పరాగకోశం కొనన అతి చిన్న గ్రంథి ఉంటుంది, దాన్ని చూడటానికి భూతద్దం కావాలి. పుప్పొడి ఇచ్చేవీ, కాయగా మారేవీ ఈ పసుపు పూలే.

గులాబీ పూలు వంధ్య పుష్పాలు, అంటే కాయ కట్టనివి. వాటిలో పుప్పొడి తయారయ్యే కేసరాల స్థానంలో పొడవాటి, సన్నని వంధ్యకేసరాలు ఒక్కో పువ్వుకు పది చొప్పున ఉంటాయి. సెంటీమీటరుకు పైబడి పొడవుండే ఆ దారాలన్నీ కలిసి కుచ్చులా విచ్చుకోవడమే మన కంటికి గులాబీ రంగుగా కనిపిస్తుంది, ఆకర్షణపత్రాలు అందులో కనిపించనంత చిన్నవి. పూసిన తర్వాత ఆ వన్నె క్రమంగా వెలిసి తెల్లబడుతుంది. అందుచేత ఒకే పొద మీద ఒక కంకి ముదురు గులాబీగా, పక్కది పాలిపోయి ఉండటం మామూలే. కొన్ని చోట్ల మొదటి నుంచే తెల్లగా పూసే మొక్కలు కూడా ఉన్నాయి కాబట్టి గులాబీ రంగు లేదనే ఒక్క కారణంతో ఇది వేరే జాతి అనే నిర్ణయానికి రాకండి.

కాయ కట్టని పూలను మొక్క ఎందుకు పూస్తుంది? అది వృథా కాదా?

వృథా అనుకోవడానికి వీల్లేదు. పసుపు పూలు ఒక్కొక్కటీ చాలా చిన్నవి, దూరం నుంచి కనిపించవు. గులాబీ కుచ్చు వాటికి పైన విచ్చుకుని కంకి మొత్తాన్నీ తేనెటీగలకూ ఇతర కీటకాలకూ దూరం నుంచే చూపిస్తుంది. అండాశయాన్నీ పుప్పొడినీ పెంచే ఖర్చు లేకుండా, కొన్ని పూలను కేవలం ఆకర్షణకు కేటాయించడం అన్న ఏర్పాటు ఇతర మొక్కల్లోనూ ఉంది. దగ్గరి బంధువైన నెప్టూనియా ప్రజాతిలోనూ గుత్తి కింది భాగంలోని పూలు వంధ్యమై, వాటి వంధ్యకేసరాలే రేకుల్లా విప్పారుతాయి. పూలు ఒక గుంపుగా పని పంచుకోవడానికి ఇంత స్పష్టమైన ఉదాహరణ ఇంత సాధారణమైన పొదలో దొరకడం వృక్షశాస్త్రం నేర్చుకునేవారి అదృష్టమని నా అభిప్రాయం. ఒక్క కంకిని కోసి, పైనుంచి కిందికి పూలను ఒక్కొక్కటిగా విడదీసి కాగితం మీద వరుసగా పెడితే పాఠం దానంతటదే అర్థమవుతుంది.

కాయలు మెలికలు తిరిగి ఎందుకుంటాయి? అవి పగులుతాయా?

కంకి కొనన ఉన్న పసుపు పూలలో కొన్నే కాయలవుతాయి. అవన్నీ ఒకే చోటి నుంచి రావడం వల్ల కాయలు గుత్తిగా చిక్కుపడి వేలాడుతాయి. ఒక్కో కాయ చదునుగా ఉండి, ఎదిగే కొద్దీ కొడవలిలా వంగి, పిదప మెలిక తిరుగుతుంది. పొడవు సాధారణంగా ఐదు నుంచి పది సెంటీమీటర్లు. ముదిరినప్పుడు గోధుమ రంగుకు మారుతుంది. చిక్కుడు, కంది కాయల్లా రెండు అంచుల వెంట పగిలి గింజలను విసిరే పద్ధతి ఇక్కడ లేదు. కాయ మూసుకునే రాలిపోతుంది, నేల మీద కుళ్ళి గానీ జంతువుల కడుపులో గానీ గింజలు బయటపడతాయి.

పోషక విలువ ఎక్కువగా ఉండే ఈ కాయలను పశువులు, మేకలు, అడవి జంతువులు ఇష్టంగా తింటాయి. ఆకులనూ మేస్తాయి. కొమ్మను ముళ్ళతో కాపాడుకుంటూ కాయను మాత్రం నేల మీదికి వదలడంలో ఎంతో పొందిక ఉంది: ఆకు పోతే మొక్కకు నష్టం, కాయను తింటే లాభం.

విత్తనాలు నాటితే వెంటనే ఎందుకు మొలవవు?

విత్తనం పైపొర నీటిని లోపలికి రానివ్వనంత గట్టిగా ఉంటుంది. జంతువు నమలడం, జీర్ణరసాల గుండా వెళ్ళడం, నేలలో ఏళ్ళ తరబడి ఒరిపిడికి లోనవడం వంటి వాటి వల్ల ఆ పొర బలహీనపడ్డాకే నీరు లోపలికి చేరి మొలక వస్తుంది. మొలిపించదలచినవారు గింజ అంచున గరుకు కాగితంతో రుద్ది గానీ, మరిగించి దించిన నీటిలో వేసి చల్లారే వరకూ నానబెట్టి గానీ నాటాలి. రుద్దేటప్పుడు మొలక మొదలయ్యే మచ్చ వైపు తాకకుండా ఎదుటి అంచునే రుద్దడం మంచిది.

ఒకసారి నరికితే ఎందుకు ఇంకా గుబురుగా వస్తుంది?

ఈ పొద విత్తనాలతోనే కాక వేరు పిలకలతో కూడా వ్యాపిస్తుంది. నేలలో పక్కలకు పాకిన వేర్ల మీద మొగ్గలు ఏర్పడి కొత్త కాండాలు పైకి వస్తాయి. పై కాండాన్ని నరికినా, మంటలో కాలినా, దుక్కిలో వేరు ముక్కలైనా మిగిలిన వేరు పిలకలు వేస్తూనే ఉంటుంది. ఒక కాండం ఉన్న చోట అనేక కాండాలు రావడానికి కారణం అదే. వేరు బుడిపెల్లో ఉండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని స్థిరీకరించడం వల్ల సారం లేని నేలలో కూడా ఇది నిలదొక్కుకోగలదు.

తుమ్మ, జమ్మి, సర్కారు తుమ్మల నుంచి దీన్ని ఎలా వేరుగా గుర్తించాలి?

ఆకు చూసి పోల్చడం మొదలుపెడితే తప్పులు జరుగుతాయి, ఎందుకంటే వీటన్నిటి ఆకులూ ఒకే నమూనాలో ఉంటాయి. ముల్లు ఎక్కడి నుంచి పుట్టిందో ముందు చూడండి. నల్ల తుమ్మలో ముళ్ళు జంటలుగా ఆకు మొదట్లో ఉంటాయి, పూలు పసుపు బంతుల్లా గుండ్రంగా ఉంటాయి. చండ్రలో కొక్కెంలా వంగిన చిన్న ముళ్ళు కణుపుల దగ్గర జంటగా ఉంటాయి. జమ్మిలో చిన్న శంకువుల్లాంటి ముళ్ళు కణుపుల మధ్య కాండం పొడవునా చెదిరి ఉంటాయి, వాటి మీద ఆకు ఎప్పుడూ ఉండదు. సర్కారు తుమ్మ కంకి వెల్తురు కంకిలాగే పొడవైనదైనా, మొత్తం ఒకే లేత పసుపు రంగులో ఉంటుంది. దాని కాయ దాదాపు తిన్నగా, కండగా ఉంటుంది. మెలిక తిరిగిన కాయను చూసి సీమచింత అనుకునేవారూ ఉన్నారు. సీమచింత కాయ పండినప్పుడు పగిలి, నల్లని గింజల చుట్టూ తెల్లని లేదా గులాబీ గుజ్జు కనిపిస్తుంది. వెల్తురు కాయలో తినదగిన అలాంటి గుజ్జు ఉండదు, అది పగలదు కూడా.

ఇది సహజంగా ఎక్కడెక్కడ పెరుగుతుంది?

ఆఫ్రికా ఖండంలోని ఉష్ణ ప్రాంతాలు, మడగాస్కర్, అరేబియా ద్వీపకల్పపు దక్షిణ భాగం, భారత ఉపఖండం, ఆగ్నేయాసియాలోని కొన్ని పొడి ప్రాంతాలు దీని సహజ నివాసాలు. పొడి ఆకురాల్చు అడవులు, గడ్డి మైదానాల అంచులు, రాతి గుట్టల వాలులు, అతిగా మేసి బోడిగా మారిన బీడు భూములు దీనికి బాగా నప్పుతాయి. దట్టమైన నీడను మాత్రం ఇది ఇష్టపడదు.

కొన్ని దేశాల్లో దీన్ని కలుపు మొక్కగా ఎందుకు పరిగణిస్తారు?

క్యూబా ఇందుకు ప్రముఖ ఉదాహరణ. 19వ శతాబ్దంలో అక్కడికి చేరిన ఈ పొదను స్థానికంగా మరాబూ అంటారు. చెరకు సాగు తగ్గి, పచ్చిక బయళ్ళు ఆలనాపాలనా లేక బీళ్ళుగా మారిన కొద్దీ అది లక్షల హెక్టార్లను ఆక్రమించింది. 2007 జులై 26న కామగ్వే నగరంలో చేసిన ప్రసంగంలో క్యూబా నాయకుడు రౌల్ కాస్ట్రో రోడ్డు పొడవునా పచ్చగా కనిపించిన మరాబూ గురించి ప్రస్తావించి, నిరుపయోగంగా పడి ఉన్న సాగు భూముల సమస్యను దేశం ముందుంచారు. తర్వాత అదే పొద నుంచి చేసిన బొగ్గు 2017 జనవరిలో అమెరికాకు ఎగుమతి అయ్యింది. అర్ధ శతాబ్దానికి పైగా విరామం తర్వాత క్యూబా నుంచి చట్టబద్ధంగా అక్కడికి వెళ్ళిన తొలి ఎగుమతి సరుకు అదే.

సహజ నివాసమైన ఆఫ్రికాలో కూడా సమస్య లేకపోలేదు. నమీబియాలో అతిగా మేసిన పచ్చిక బయళ్ళలో ఇది, మరికొన్ని ముళ్ళ పొదలు దట్టంగా కమ్ముకుని గడ్డిని తగ్గించేశాయి. మైదానంలో పరుగెత్తి వేటాడే, పిల్లి కుటుంబానికి చెందిన చీటాకు ఆ పొదలు అడ్డంకి కావడంతో, అక్కడి చీటా సంరక్షణ నిధి అనే సంస్థ పొదలను కోయించి వంటచెరకు ఇటుకలుగా తయారు చేయిస్తోంది. ఈ రెండు చోట్లా దోషం మొక్కదని నేను అనుకోను. గట్టి గింజ, వేరు పిలకలు, నత్రజని, ముళ్ళు అన్నీ ఒక్క మొక్కలోనే ఉన్నప్పుడు, మనిషి బోడి చేసి వదిలేసిన నేలను అది ఆక్రమించకుండా ఎలా ఉంటుంది?

కలప దేనికి పనికివస్తుంది?

కాండం సన్నగా ఉండటం వల్ల పలకలు కోయడానికి పనికిరాదు. కానీ చేవ చాలా బరువుగా, ముదురు రంగులో, చెద పురుగుకు లొంగనంత గట్టిగా ఉంటుంది. కంచె గుంజలకు, పనిముట్ల పిడులకు, చేతికర్రలకు వాడతారు. వంటచెరకుగా నెమ్మదిగా, ఎక్కువ వేడితో మండుతుంది. బెరడు నుంచి బలమైన నార వస్తుంది.

దీన్ని మందుగా వాడతారా?

ఆయుర్వేదంలో వీరతరువు అన్న పేరుతో చెప్పే మొక్కను చాలామంది దీనిగానే గుర్తిస్తారు. మూత్రంలో రాళ్ళు, మూత్ర విసర్జన బాధలకు వాడే ఔషధ గణంలో దాని పేరు మొదటగా వస్తుంది. ఆఫ్రికాలోనూ వేరు, బెరడు, ఆకులకు సంప్రదాయ వాడుకలు ఉన్నాయి. ఈ పేజీ వృక్ష లక్షణాలకే పరిమితం కనుక మోతాదులు, తయారీలు చెప్పడం లేదు. సొంతంగా ప్రయోగించకుండా అర్హులైన వైద్యులను సంప్రదించండి.

కంచె మొక్కగా నాటవచ్చా?

సహజంగా పెరిగే ప్రాంతంలో అయితే నాటవచ్చు. పశువులు దాటలేని జీవకంచె అవుతుంది, తేనెటీగలకు పూత దొరుకుతుంది, కోతకు గురయ్యే వాలు నేలను వేర్లు పట్టి ఉంచుతాయి. అయితే వేరు పిలకలు కంచె గీత దాటి లోపలికి వస్తాయి కనుక ఏటా వాటిని లేతగా ఉన్నప్పుడే వేరుతో సహా పెరికివేయాలి. కాయలు తిన్న పశువులను శుభ్రంగా ఉంచదలచిన పచ్చికలోకి వెంటనే తోలకూడదు. సహజంగా లేని దేశాల్లో, ముఖ్యంగా వేడి, పొడి వాతావరణం ఉండే దీవుల్లో, దీన్ని ఎంత అందంగా పూసినా నాటకూడదు. ఒకసారి స్థిరపడ్డాక మొద్దును తవ్వి, పక్క వేర్లను కూడా ఏరివేసి, తర్వాత కొన్ని ఏళ్ళు మొలకల కోసం ఆ నేలను గమనిస్తూ ఉండాలి. నేలలోని గింజలన్నీ ఒకే ఏడు మొలవవు.